నడిమి డబ్బా

ఆ రోజుల్లో నేను ఎవరినీ నమ్మేదాన్ని కాదు. ఆ రోజులంటే లాంతర్ల కాలమేమీ కాదు, ఆరేడేళ్ల కిందటి మాటే. కానీ ట్యాబ్‌ల లెక్కలో ఆరేడేళ్లంటే ఒక యుగం. అప్పటి వస్తువును ఇప్పుడు రిపేరు దుకాణంలో పెడితే, ఏ తవ్వకాల్లో దొరికిందమ్మా అన్నట్టు చూస్తారు. పాలాయన కొలిచి పోసినా గిన్నె వంచి చూసేదాన్ని. బస్సు మీద మిర్యాలగూడ అని బోర్డు ఉన్నా ఎక్కేముందు కండక్టరును, ఎక్కాక పక్క సీట్లో మనిషిని, కదిలాక మళ్లీ కండక్టరును అడిగేదాన్ని. నేను నమ్మింది ఒక్కదాన్నే, అచ్చులో ఉన్న అక్షరాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇరవై రెండేళ్ల వయసులో అది నాకు చాలా గొప్ప గుణంలా కనిపించేది.

ఇంటర్ దగ్గర నా చదువు ఆగింది. ఆగింది కాలేజీ చదువే (ఈ ముక్క నేను అప్పట్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేదాన్ని). సూర్యాపేట గ్రంథాలయంలో కిటికీ పక్క కుర్చీ నాది. పొద్దున తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేదాన్ని. తేనెటీగల పెంపకం నుంచి భూకంపాల దాకా, గుండె జబ్బుల నుంచి కంప్యూటర్ల దాకా ఏది దొరికితే అది చదివి, ముఖ్యమైనవి ఆకుపచ్చ అట్ట నోటుబుక్కులో ఎక్కించుకునేదాన్ని. ఇంట్లో ఎవరైనా తుమ్మినా నోటుబుక్కు తీసేదాన్ని. అందుకే మా చిన్నమ్మ నాకు లైబ్రరమ్మ అని పేరు పెట్టింది. అది వెక్కిరింపని అందరికీ తెలుసు, నేను మాత్రం బిరుదనుకున్నాను.

అనుమానం నాకు నాయన నుంచి వచ్చింది. నాయన సూర్యాపేట మార్కెట్ యార్డులో ఒక కమీషన్ దుకాణం తరఫున ధాన్యం చూసే పని చేసేవాడు. రైతు బస్తా మూతి విప్పి, పైన ఉన్న గింజల్ని దోసిట్లోకి తీసి చూపిస్తే నాయన వాటివైపు కన్నెత్తి చూసేవాడు కాదు. చేతిలో కొస మొనదేలిన ఇనుప గొట్టం ఉండేది. దాన్ని బస్తా నడుములోకి కసుక్కున గుచ్చి, గొట్టంలోంచి జారిన గింజల్ని అరచేతిలో నలిపి, ఒకటి పంటి కింద వేసి కొరికి, అప్పుడు తేమ సంగతి చెప్పేవాడు. పైన ఎండిన వడ్లు, నడుమ పచ్చివి పోసుకొచ్చేవాళ్లు ఆయన్ని చూస్తే పక్క దుకాణానికి జరిగేవాళ్లు. ముప్పై ఏళ్లు అదే పని. ఇంట్లో కూడా అంతే. మామిడిపండ్ల బుట్టలోంచి నడిమి పండు, బట్టల దొంతరలోంచి నడిమి చొక్కా, పెళ్లి భోజనంలో బేసిన్ నడిమి లడ్డు.

అట్లాంటి మా ఇంట్లోకి ఒక ట్యాబ్ రావాల్సిన అవసరం గ్రంథాలయం నోటీసు బోర్డు వల్ల పడింది. ఒక ప్రైవేటు సంస్థ పంటల సర్వే చేస్తుందట, ఊరూరా తిరిగి రైతుల్ని అడిగి వివరాలు ఎక్కించేవాళ్లు కావాలట, ట్యాబ్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలట, సోమవారం కోదాడలో పని చేయించి చూసి తీసుకుంటారట. అచ్చులో ఉంది కాబట్టి నమ్మాను. అప్పటికే మా చిన్నమ్మ తన చీరల దుకాణంలో నాకు చోటు ఖాయం చేసి పెట్టింది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, గ్రంథాలయం తెరిచి ఉండే వేళలన్నీ కలిపి, విప్పిన చీరలు మడత పెట్టడం. అమ్మ, చిన్నమ్మ కలిసి ఒక మాట అనుకున్నారు. సోమవారం కోదాడలో పని దొరికితే సరే, దొరక్కపోతే మంగళవారం నుంచి చీరలు. కిటికీ పక్క కుర్చీకి అదే ఆఖరి వారం కావచ్చన్న భయంతో నేను ట్యాబ్ వేటకు బయలుదేరాను. తోడు నాయన.

మా చేతిలో ఉన్నదానికి ఏదో చవక ట్యాబే వస్తుందని తెలుసు. చవకలో మోసం ఎక్కడుంటుందో కూడా నాకు తెలుసు, చదివాను గదా. గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ఒక కంప్యూటర్ పత్రికలో ప్రాసెసర్ల మీద పెద్ద వ్యాసం ఉండేది. అద్దం, రంగు, డబ్బా చూసి మోసపోకండి, లోపల ఉన్న ప్రాసెసర్ పాతదైతే వస్తువంతా పాతదే అని అందులో రాశారు. ఏవి మంచివో పట్టిక కూడా ఇచ్చారు. ఆ పట్టికను నోటుబుక్కులోకి గీతలు కొట్టి మరీ ఎక్కించుకున్నాను. నాయనకు అర్థమయ్యేటట్టు చెప్పాను, ప్రాసెసర్ అంటే బస్తా నడుమ ఉన్న గింజ అని. నాయన ముఖం వెలిగిపోయింది. నా చదువు మీద ఆయనకు గౌరవం కలిగిన మొదటి క్షణం బహుశా అదే.

శనివారం పొద్దున సూర్యాపేటలోనే మొదటి దుకాణం. దుకాణదారు మమ్మల్ని చూడగానే కుర్చీలు వేయించి కూల్‌డ్రింకులు తెప్పించాడు. నాయన ముట్టలేదు. ఇంకా ఏమీ కొననే లేదు, ఊరికే ఎందుకు తాపిస్తున్నాడని నా చెవిలో గొణిగాడు. నేను నోటుబుక్కు తెరిచి ప్రాసెసర్ ఏదండీ అని అడిగితే, ఆయన చాలా ఓపికగా, "ప్రాసెసర్ ఉంటదమ్మా, లోపల్నే ఉంటది" అన్నాడు. లేచి వచ్చేశాం. మధ్యాహ్నం బస్సెక్కి కోదాడ పోయాం. అక్కడి దుకాణదారు మాటకు ముందు ఒక అండీ, మాటకు వెనక ఒక అండీ తగిలించి, "కళ్లు మూసుకుని తీసుకెళ్లండమ్మా, తర్వాత మీరే నన్ను తలుచుకుంటారు" అన్నాడు. కళ్లు మూసుకోమన్నందుకే మేం కళ్లు పెద్దవి చేసుకుని బయటపడ్డాం. అంత తియ్యగా మాట్లాడేవాడు తప్పకుండా ఏదో దాస్తున్నాడని తండ్రీబిడ్డలం తిరుగు బస్సులో సూర్యాపేట దాకా ఏకాభిప్రాయంతో వచ్చాం.

ఆదివారం మిర్యాలగూడ. రైస్‌మిల్లులకు ధాన్యం వెంట పోయి వచ్చే అలవాటు వల్ల ఆ ఊరు నాయనకు పరిచయం. బస్టాండు దగ్గరి దుకాణంలో ఒకాయన పేపరు చదువుతూ కూర్చున్నాడు. మేం లోపలికి పోయినా తలెత్తలేదు. ట్యాబ్ కావాలంటే, "ఉన్నయ్" అని పేజీ తిప్పాడు. ఏవి మంచివి అంటే, "అన్నీ మంచియే అంట, కంపెనోడు చెప్తడు" అన్నాడు. నాయన నా వైపు చూసి తలూపాడు. ఇంత విసుగ్గా ఉన్న మనిషికి మోసం చేసేంత ఓపిక ఉండదని మా ఇద్దరికీ ఒకేసారి తోచింది.

బల్ల మీద ఒకే రకం తెల్ల డబ్బాలు దొంతరగా ఉన్నాయి. దుకాణదారు పైదాన్ని తీసి మా ముందు పెట్టాడు. నాయన దాన్ని వేలితో వెనక్కి నెట్టాడు.

"ఇది వద్దు. నడిమిది తియ్యి."

"అన్నీ ఒక్క తీరుయే కదనే."

"ఒక్క తీరుయే అయితే నడిమిది తీసెటందుకు నీకేమాయె?"

దుకాణదారు అప్పుడు మొదటిసారి పేపరు మడిచి పక్కన పెట్టాడు. పైవి మొన్ననే వచ్చినయ్, నడుమయి పోయిన ఏటివి, పేరు ఒకటే, ధర ఒకటే, లోపల మిషన్ మాత్రం మారింది, మీ ఇష్టం అన్నాడు. (ఒక వ్యాపారి ఒక కస్టమరుతో ఇంత నిజం ఏకబిగిన చెప్పడం నేను ఆ తర్వాత ఎక్కడా వినలేదు.) నాయన నన్ను పక్కకు లాగి, "సూసినవా, పైది అమ్ముకోవాలని ఎంత తండ్లాడుతున్నడో" అన్నాడు. నేను నిదానంగా రెండు డబ్బాలూ బోర్లించి, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రాసెసర్ పేర్లు చదివాను. పై డబ్బా మీద పేరు నా నోటుబుక్కులో ఎక్కడా లేదు. నడిమి డబ్బా మీద పేరు ఉంది. పట్టికలో రెండో వరసలో, నా చేతిరాతతో, పక్కన పత్రికవాళ్లు వాడిన మాటతో సహా ఉంది: 'నేటి వేగానికి మారుపేరు'. అచ్చులోకి ఎక్కని ప్రాసెసర్ ఎట్లాంటిదో ఎవరికి తెలుసు? నడిమి డబ్బా తీసుకున్నాం. దుకాణదారు మళ్లీ పేపరు విప్పి, "తర్వాత నన్నడగొద్దు" అన్నాడు. నాయన దాన్ని ఓడిపోయినవాడి మాట కింద జమకట్టాడు.

సాయంత్రం ఇంటికొచ్చి బటన్ నొక్కితే తెర మీద కంపెనీ బొమ్మ వచ్చింది. అమ్మ చాయ పెట్టి, వడగట్టి, అందరికీ పోసి, తాను కూడా తాగి గ్లాసు కడిగి వచ్చింది. బొమ్మ అక్కడే ఉంది. నేను మాత్రం మొదటిరోజు అన్నీ ఇట్లాగే ఉంటాయని ఏదో పుస్తకంలో చదివినట్టు చెప్పాను (చదవలేదు). నాయన, "కొత్తిల్లు కదా, జర అలవాటు గావాలె" అని దాన్ని సమర్థించాడు.

సోమవారం కోదాడలో ఒక పాత ఫంక్షన్ హాలు. మేం ఐదుగురం. మా ఎదురుగా చిలుకూరు నుంచి తీసుకొచ్చిన ఐదుగురు రైతులు. సూపర్‌వైజర్ మేడమ్ చేతిలో ఒక కాగితాల ఫైలు, గోడ మీద పెద్ద గడియారం. ఒక్కొక్కరు ఒక్కో రైతును అడిగి నాలుగు పేజీల ఫారం ట్యాబ్‌లో నింపాలి. మొదటి పేజీ ఇంటి వివరాలు, రెండో పేజీ భూమి, మూడో పేజీ పంట, నాలుగో పేజీలో ఫొటో, సంతకం. అరగంట. నా పక్కన కూర్చున్నది హాలియా నుంచి వచ్చిన అమ్మాయి. ఆమె ట్యాబ్ మీదికి వంగి చూశాను. అదే తెల్ల అంచు, అదే కంపెనీ బొమ్మ. ఎక్కడ కొన్నావంటే మిర్యాలగూడ బస్టాండు దగ్గర, పేపరు చదువుకునే ఆయన దుకాణంలో అంది. ఎట్లా ఎంచుకున్నావంటే నా వైపు వింతగా చూసింది.

"ఎంచుడేంది? పైన ఉన్న డబ్బ ఇచ్చిండు, తెచ్చుకున్న."

ఆమె వేలు తగిలితే పేజీ మారుతోంది. నా వేలు తగిలితే తెర మధ్యలో ఒక చక్రం పుట్టి, తిరిగి తిరిగి, అలిసిపోయి, అప్పుడు మారుతోంది. ఆమె మొదటి పేజీ అయిపోయి రెండో దాంట్లో ఉండగా నేనింకా రైతు పేరు దగ్గర ఉన్నాను. నాకు చీరల దుకాణం కనపడింది. పరుపు మీద నీలం చీర, ఎర్ర చీర, మళ్లీ నీలం చీర.

నా రైతు అరవై దాటిన మనిషి. తెల్ల తువ్వాలు, చెవుల నిండా వెంట్రుకలు. మాకంటే ఎక్కువ అనుమానం ఉన్నవాడు. ఈ లెక్కలన్నీ ఎవరికి పోతాయి, ఎక్కువ చెప్తే ఏం పోతుంది, తక్కువ చెప్తే ఏం వస్తుంది అని లోపల లోపలే కొలుచుకుంటూ ఒక్కో జవాబు తీస్తున్నాడు. భూమి ఎంత పెద్దయ్యా అంటే, పైకప్పు వైపు చూసి, రెండెకరాలు అన్నాడు. బోరు లేదన్నాడు. రాసుకున్నాను. చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఇద్దరం దాని వైపు చూస్తూ కూర్చున్నాం. పక్కనుంచి టకటకమని వేళ్ల చప్పుడు.

"ఆగిపోయిందా అమ్మా?" అన్నాడు కాసేపటికి.

"ఆగలేదు పెద్దయ్యా, ఆలోచిస్తున్నది."

ఆ మాటకు ఆయన మీసాల కింద నవ్వాడు. నాకు ఏడుపొచ్చే స్థితి. ఏదో ఒకటి మాట్లాడకపోతే కన్నీళ్లు పడేటట్టున్నాయని దాని కథంతా చెప్పేశాను. మా నాయన మార్కెట్‌లో వడ్లు గుచ్చి చూసే మనిషి అనీ, ఆ అలవాటుతోనే డబ్బాల దొంతరలో నడిమిది తీయించాడనీ, పైది కొత్తది, నడిమిది పాతది అయిందనీ. ఆయన వింటూ వింటూ ముందుకు వంగాడు.

"మీ నాయన సూర్యాపేట మార్కెట్లోనా? బట్టతల, చెవికి పెన్సిల్ పెట్టుకుంటడు?"

అవునన్నాను. ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేటట్టు నవ్వాడు. ఒకసారి ధర బాగుందంటే సూర్యాపేటకు వడ్లు తోలానమ్మా, పైన ఎండినయి, నడుమ జర పచ్చియి, మీ నాయన ఒక్క పోటుకు పట్టేశాడు, నాకు ఆ నాటి నుంచి ఆయనంటే కోపమూ ఉంది, మర్యాదా ఉంది అన్నాడు. చక్రం తిరుగుతూనే ఉంది. మూడో పేజీ తెరుచుకుంది. గోడ గడియారంలో ఎనిమిది నిమిషాలు మిగిలాయి. హాలియా అమ్మాయి అప్పటికే రైతును నిలబెట్టి ఫొటో తీస్తోంది.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "ఆయన బిడ్డవు నీకెందుకులే అబద్ధం చెప్పడం. రెండు కాదు, నాలుగున్నర. బోరు కూడా ఉంది. మార్చుకో."

మార్చుకో అనడం ఆయనకు సులువు. మార్చాలంటే వెనక్కి పోవాలి. వెనక్కి పోతే చక్రం, మళ్లీ ముందుకు వస్తే చక్రం. ముందుకే పోతే ఫారం పూర్తవుతుంది, అబద్ధం లోపల ఉంటుంది, నా కుర్చీ నాకు మిగులుతుంది. వెనక్కి పోతే నాలుగో పేజీ మొహం చూడను. ఆ ఒక్క నిమిషం నా జన్మలో నేను పుస్తకం సలహా తీసుకోకుండా గడిపిన నిమిషం. నోటుబుక్కు సంచిలోనే ఉంది. వేలు మాత్రం వెనక్కి బాణం మీదికి పోయింది. నడుమ పచ్చి వడ్లున్నాయని తెలిశాక నాయన ఏ బస్తా మూతీ కుట్టనివ్వగా నేను చూడలేదు.

టైం అయిపోయిందన్నప్పుడు నా తెర మీద చక్రమే ఉంది. మేడమ్ ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఫైలు తెరిచి చూసి, ఏదో రాసుకుంటూ వచ్చింది. నా దగ్గర నాలుగో పేజీ ఏదంది. తిరుగుతోంది మేడమ్ అన్నాను. హాల్లో నలుగురూ నవ్వారు. మేడమ్ నవ్వకుండా నా రెండో పేజీ తీయించి (తీసేదాకా నిలబడే ఉంది), అందులోని నాలుగున్నరను ఫైలులో కాగితంతో పోల్చి, రైతు మొహం వైపు చూసింది. ఈ ఐదుగురి భూముల సంగతి కాగితాలతో సహా ఆమె ముందే తెచ్చుకుందట. మా ముందు వాళ్లు ఏం చెప్తారో, మేం ఏం రాస్తామో చూడడానికి.

"పోయిన వారం నాతో కూడా రెండెకరాలే అన్నారు కదండీ?"

"ఈ పిల్లకు వేరే పనేం లేకపోయింది, మాట్లాడుకున్నాం" అన్నాడాయన.

మేడమ్ ఫైలు మూసింది. "సర్వేకి నువ్వు పనికిరావమ్మా" అంది. నాకు నీలం చీర మడత కనపడింది. "రీచెక్‌కి పనికొస్తావు. సర్వే అయిన ప్రతి పదిళ్లలో ఒక ఇంటికి రెండోసారి వెళ్లాలి. తొందరేం ఉండదు. నమ్మకపోవడమే పని."

మంగళవారం నేను చీరల దుకాణానికి పోలేదు, గ్రంథాలయానికి పోయాను. అట్ట లేని ఆ పత్రికను తీసి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికితే, ఆఖరి కాగితం అడుగున సంచిక నెల, సంవత్సరం దొరికాయి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటిది. దుకాణదార్లను, కండక్టర్లను, పాలాయనను అనుమానించిన నేను ఆ ఒక్క కాగితాన్ని నీకెన్నేళ్లు అని అడగలేదు. ఆ పాత పత్రికలన్నీ ఎవరో రిటైరైన టీచరు ఇల్లు ఖాళీ చేస్తూ మూటగట్టి ఇచ్చినవట. గ్రంథాలయం సార్‌కు చెప్తే, కళ్లద్దాలు సవరించుకుని, పాతదైతేనేమమ్మా, బాగా రాశారు కదా అన్నాడు. నాయనకు మాత్రం నేను చెప్పలేదు. ఉద్యోగం వచ్చింది కాబట్టి నడిమి డబ్బా వల్లే వచ్చిందని ఆయన మార్కెట్ అంతా చెప్పుకున్నాడు. అందులో అబద్ధమేముందో నాకిప్పటికీ తేల్చుకోవడం కష్టం.

ఆ ట్యాబ్‌తో నేను మూడేళ్లు పెన్‌పహాడ్ నుంచి చిలుకూరు దాకా తిరిగాను. చాలాసార్లు హాలియా అమ్మాయి నింపిన ఫారాలే నాకు రీచెక్‌కు వచ్చేవి, ఆ వంకతో ఇద్దరం స్నేహితులమయ్యాం. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లు నన్ను అడుగుతారు, మేడమ్, పాత ప్రాసెసర్‌ది చవకగా వస్తోంది, తీసుకోవచ్చా అని. చదువుకోవడానికి, వీడియో పాఠాలు చూడడానికి, వాన పడే మధ్యాహ్నం ఒక పుస్తకం తెరుచుకోవడానికి అయితే భేషుగ్గా సరిపోతుంది, గడియారం చూస్తూ చేసే పనికి మాత్రం ఏడిపిస్తుంది అంటాను. అదే ధరకు కొత్త ప్రాసెసర్‌ది పక్కనే ఉంటే గర్వానికి పోకుండా అది తీసుకోమంటాను. చవకదనం ధరలో ఒక్కదాంట్లో ఉండదు, ఆ వస్తువు ఇంకెన్నేళ్లు మనతో నడుస్తుందో అందులో కూడా ఉంటుందని చెప్తాను. వాళ్లు శ్రద్ధగా తలూపుతారు. తర్వాత నేను చెప్పింది నిజమో కాదో ఫోన్లో వెతుక్కుంటారు. నాకు ముచ్చటేస్తుంది.

పోయిన నెల కొత్త ట్యాబ్ కొనడానికి మళ్లీ మిర్యాలగూడ పోయాను. అదే దుకాణం, అదే మనిషి, పేపరు మాత్రం కొత్తది. నన్ను గుర్తుపట్టలేదు. దొంతరలో పై డబ్బా తీసి నా ముందు పెట్టాడు. నా చెయ్యి నాకు తెలియకుండానే నడిమి డబ్బా దాకా పోయి, అక్కడ కాసేపు ఆగి, వెనక్కి వచ్చింది. పైదే తీసుకున్నాను. బయటికి రాగానే నాయన ఫోన్. మార్కెట్ పని మానేసి ఆయనకు మూడేళ్లయింది, పాత ట్యాబ్ ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది. రోజూ పొద్దున మార్కెట్ ధరలు చూడడానికి బటన్ నొక్కి, స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని వచ్చి చూసుకుంటాడు.

"కొన్నవా బిడ్డా? నడిమిదే తీపిచ్చినవా?"

"నడిమిదే నాయనా" అన్నాను.

"మంచిగ చేసినవ్. గిప్పటియన్నీ ఊకె తొందర మీదుంటయ్. మన పాతది సూడు, జర ఆలోచన చేసి చెప్తది" అన్నాడు.

బస్సు వచ్చింది. మీద బోర్డు సూర్యాపేట అనే ఉంది. అయినా కండక్టరును ఒకసారి అడిగే ఎక్కాను.